గొయ్యి పూడ్చారు సరే, నీళ్ళకి పూచీ ఎవరిది?

యురేనియం గని మీద మన దగ్గర గొడవ ఎప్పుడొచ్చినా అదంతా పార గుచ్చకముందు సంగతే అయి ఉంటుంది. తవ్వాలా వద్దా, అడవి పోతుందా, ఊళ్ళు లేపేస్తారా, రేడియేషన్ ఎంత, ఇవే ప్రశ్నలు. అడగాల్సినవే, కాదనను. కానీ తవ్వడం అయిపోయి కంపెనీ సామాను సర్దుకునే రోజు సంగతేంటి అని అడిగేవాళ్ళు చాలా తక్కువ, ఒకవేళ అడిగినా ప్రెజెంటేషన్‌లో చివరి స్లైడ్ ఒకటి రెడీగా ఉంటుంది, పచ్చటి గడ్డి, నాలుగు చెట్లు, మధ్యలో నీలం రంగు చెరువు, అక్కడితో ఆ టాపిక్ క్లోజ్.

ఆ స్లైడ్‌లో చూపించే పనిని నిజంగా చేసిన చోట్లు ప్రపంచంలో కొన్ని ఉన్నాయి. వాటిల్లో మనం ముందు చూడాల్సింది అమెరికాలో న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉన్న జాక్‌పైల్-పగ్వాటే గని అని నా అభిప్రాయం. ఎందుకంటే అక్కడ గొయ్యి తవ్వేసి రాత్రికి రాత్రి ఎవరూ పారిపోలేదు. డబ్బు కట్టారు, ప్లాన్ వేశారు, పూడ్చారు, గడ్డి విత్తనాలు చల్లారు, 1995లో పని అయిపోయింది అన్నారు. అయినా పద్దెనిమిదేళ్ళు తిరిగేసరికి ఆ చోటు అమెరికా ప్రభుత్వం తయారుచేసే సూపర్‌ఫండ్ జాబితాలోకి, అంటే దేశంలో అర్జెంటుగా శుభ్రం చేయాల్సిన కలుషిత స్థలాల జాబితాలోకి ఎక్కింది. పూడ్చని గని గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ ఉండదు, అది అన్యాయం అని ఎవరికైనా కనిపిస్తుంది. పూడ్చాక కూడా ఇలా ఎందుకు అయ్యింది అన్నదే చూడాల్సిన విషయం.

ఆ భూమి లగూనా ప్యూబ్లో అనే ఆదివాసీ తెగది, ఆల్బకర్కీ నగరానికి పడమర వైపు 40 మైళ్ళ దూరం. అనకొండ అనే రాగి గనుల కంపెనీ అక్కడ లీజు తీసుకుని 1953లో తవ్వడం మొదలుపెట్టింది, 1982 మార్చిలో ఆపేసింది. ఒకప్పుడు ప్రపంచంలోకెల్లా పెద్ద ఓపెన్ కాస్ట్ యురేనియం గని అదే. ఆ 29 ఏళ్ళలో దాదాపు 40 కోట్ల టన్నుల రాయి, మట్టి లేపితే మిల్లుకి పోయిన ఖనిజం 2.5 కోట్ల టన్నులు. అంటే 16 టన్నులు కదిపితే ఒక టన్ను ఖనిజం, ఆ టన్నులో కూడా యురేనియం ఉండేది కొద్ది కిలోలే. మిగతాదంతా ఎక్కడికి పోతుంది, అక్కడే గుట్టలుగా పడి ఉంటుంది. రామగుండం, భూపాలపల్లి వైపు తిరిగినవాళ్ళకి సింగరేణి ఓబీ గుట్టలు, అంటే ఖనిజం మీద నుంచి తీసి పోసిన మట్టి, రాళ్ళ గుట్టలు, తెలిసే ఉంటాయి కాబట్టి ఆ సీన్ ఊహించుకోవడం కష్టం కాదు, కాకపోతే ఈ గుట్టల్లో రేడియం అనే రేడియోధార్మిక పదార్థం కూడా ఉంటుంది. గని మూసేసరికి అక్కడ మూడు పెద్ద గోతులు, 32 ఓబీ డంపులు, ఇవి కాక గ్రేడ్ (అంటే ఖనిజంలో ఉండే యురేనియం శాతం) తక్కువని మిల్లుకి పంపకుండా 'రేటు పెరిగితే చూద్దాం' అని పక్కన పోసిన ఖనిజం కుప్పలు 23, మొత్తం కలిపి 2,656 ఎకరాలు.

పగ్వాటే ఊరు ఆ గోతులకి ఆనుకునే ఉంది. బ్లాస్టింగ్‌కి ఇళ్ళ గోడలు బీటలు వారడం, బయట ఎండబెట్టుకున్న మాంసం, మొక్కజొన్న మీద దుమ్ము పడటం, అక్కడి పెద్దవాళ్ళు ఏళ్ళ తరబడి చెప్తూ వచ్చిన మాటలే. అదే సమయంలో ఆ గని లగూనా వాళ్ళకి అప్పట్లో ఎప్పుడూ చూడనంత జీతాలు ఇచ్చింది, తెగకి రాయల్టీ ఇచ్చింది, వందల కుటుంబాలు దాని మీదే బతికాయి. దీన్ని దాచి కథ చెప్పేవాళ్ళంటే నాకు చిరాకు, ఎందుకంటే గని వద్దని ఎవరైనా సులువుగా అనగలరు, మీ నాన్నకి మొదటి పక్కా ఉద్యోగం అందులోనే వస్తే అప్పుడు అనడం కష్టం. మన కోల్ బెల్ట్‌లో ఎవరినడిగినా ఇదే చెప్తారు.

1979లో త్రీ మైల్ ఐలాండ్ రియాక్టర్ ప్రమాదం తర్వాత అమెరికాలో కొత్త అణు కేంద్రాల ఆర్డర్లు పడిపోయి యురేనియం రేటు కూడా పడిపోయింది, దాంతో 1982కల్లా గని బంద్, ఉద్యోగాలు బంద్. అప్పుడు మొదలైంది అసలు పంచాయితీ. కంపెనీ ప్లాన్ ఒకటి, ప్రభుత్వ భూములు, ఆదివాసీ భూముల సంగతి చూసే అమెరికా ఇంటీరియర్ డిపార్ట్‌మెంట్ వాళ్ళది ఒకటి, లగూనా వాళ్ళది ఒకటి, ఎంత పూడ్చాలి, ఎంత ఎత్తు, పైన ఏ మట్టి, గుట్టల వాలు ఎంత ఉండాలి అని ఏళ్ళ తరబడి వాదన. చివరికి 1986 డిసెంబర్‌లో నిర్ణయం వెలువడింది.

ఆ నిర్ణయంలో ఇంజినీరింగ్ చెత్తగా ఏమీ లేదు, ఆ రోజుకి బాగానే ఆలోచించారు. ఎండ ప్రాంతం కాబట్టి గోతిలో నీళ్ళు నిలబడితే ఆవిరైపోతూ ఉప్పులూ యురేనియం చిక్కబడతాయి, అందుకని చెరువుల ఆలోచన పక్కన పెట్టారు. భూగర్భ జలం తిరిగి ఏ మట్టానికి లేస్తుందో అంచనా వేసి దానికి కనీసం పది అడుగుల పైదాకా గోతి అడుగు పూడ్చాలన్నారు. ఆ 23 కుప్పల ఖనిజాన్ని గోతుల్లోకి తోసి, దాని మీద మామూలు ఓబీ పరిచి, దాని మీద షేల్ అనే బంకమట్టి లాంటి రాయి, ఆ పైన మొక్కలు పట్టే మట్టి. ఇదంతా రేడాన్ కోసం. రేడియం నుంచి రేడాన్ అనే గ్యాస్ వస్తూ ఉంటుంది, దాని అర్ధాయువు, అంటే సగం తరిగిపోవడానికి పట్టే కాలం, 3.8 రోజులే, అందుకని పైన తగినంత మందం ఉండి అది బయటపడటానికి ఆలస్యమైతే చాలు, దారిలోనే చాలావరకు క్షీణించిపోతుంది. గాలి వరకు ఈ లెక్క పనిచేస్తుంది. నీళ్ళ దగ్గర పనిచేయలేదు.

ఎందుకు పనిచేయలేదో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ప్రపంచంలో ఏ యురేనియం గొయ్యి చూసినా చివరికి కథ ఇక్కడికే వస్తుంది. భూమిలో లోతుగా, ఆక్సిజన్ తగలకుండా ఉన్నంతకాలం యురేనియం నీళ్ళలో పెద్దగా కరగదు, అందుకే అది కోట్ల ఏళ్ళు ఒకే చోట కదలకుండా కూర్చుంది. మనం వెళ్ళి రాయిని పేల్చి ముక్కలు చేసి ముప్పై ఏళ్ళు గాలికి, వానకి వదిలేస్తాం. ఆక్సిజన్ తగలగానే యురేనియం కరిగే రూపంలోకి మారుతుంది, అందులోనూ నీళ్ళలో కార్బొనేట్లు ఉంటే ఇంకా హాయిగా వాటితో కలిసి ప్రయాణం చేస్తుంది. పైగా బండరాయి పిండి అయ్యాక నీళ్ళు తగిలే ఉపరితలం ఎన్ని వేల రెట్లు పెరుగుతుందో చెప్పక్కర్లేదు. ఆ పిండిని తీసుకెళ్ళి మళ్ళీ గోతిలో పోస్తే తవ్వకముందు ఉన్న రాయి తిరిగి రాదు, అదే చోట అదే బరువుతో వేరే వస్తువు ఉంటుంది. దాని గుండా భూగర్భ జలం మెల్లగా వెళ్తుంది, వెళ్ళి పక్కనున్న వాగులో తేలుతుంది. జాక్‌పైల్ దగ్గర ఆ వాగులు రెండు, రియో పగ్వాటే, రియో మొకినో, రెండూ గని మధ్యలోనే కలుస్తాయి. కలిశాక దిగువకి వెళ్ళే నీళ్ళలో యురేనియం ఎగువ కంటే బాగా ఎక్కువగా కనిపించింది, అది పగ్వాటే రిజర్వాయర్ దాకా పాకింది.

ఇప్పుడు డబ్బు సంగతి. అనకొండని 1977లోనే అట్లాంటిక్ రిచ్‌ఫీల్డ్ అనే ఆయిల్ కంపెనీ కొనేసింది (2000లో దాన్ని బీపీ కొన్నది, అంటే గని ముందు బోర్డు మీద పేరు మారుతూ పోయింది, గొయ్యి మాత్రం అక్కడే ఉంది). 1986లో ఒప్పందం ఏంటంటే కంపెనీ లగూనా తెగకి 4.36 కోట్ల డాలర్లు ఒకేసారి ఇస్తుంది, ఆ డబ్బుతో తెగ తన భూమిని తానే బాగుచేసుకుంటుంది. తెగ వాళ్ళు లగూనా కన్‌స్ట్రక్షన్ కంపెనీ అని సొంతంగా పెట్టుకున్నారు, ఒకప్పుడు తవ్విన మనుషులే డోజర్లు, డంపర్లు ఎక్కి పూడ్చారు, దాదాపు 1989 నుంచి 1995 దాకా. తర్వాత ఆ కంపెనీ బయటి కాంట్రాక్టులు కూడా చేసింది. ఈ భాగం నాకు నిజంగా నచ్చుతుంది, బయటి కాంట్రాక్టర్‌కి ఇచ్చి ఊరివాళ్ళని గేటు బయట నిలబెట్టే పద్ధతి కంటే వంద రెట్లు నయం, సొంత ఊరి పక్కన గుట్ట వాలు సరిగ్గా రావాలని బయటివాడి కంటే ఊరివాడికే పట్టింపు ఉంటుంది.

కానీ ఒప్పందం చేసిన పనల్లా రిస్క్‌ని కూడా డబ్బుతో పాటే తెగ చేతిలో పెట్టడం. ఖర్చు అంచనా తప్పితే ఎవరిది? పదేళ్ళకి కవర్ కొట్టుకుపోతే ఎవరిది? నీళ్ళు అనుకున్న మట్టం దాటి లేస్తే ఎవరిది? ఒకేసారి ఇచ్చే చెక్కులో ఈ ప్రశ్నలన్నిటికీ ఒకటే జవాబు ఉంటుంది, తీసుకున్నవాడిదే. 2007లో 1986 నిర్ణయం ప్రకారం పని జరిగిందా లేదా అని అసెస్‌మెంట్ చేయిస్తే ఇంకా పూర్తి కాలేదని తేలింది. 2012లో సూపర్‌ఫండ్ జాబితాకి ప్రతిపాదించారు, 2013 డిసెంబర్‌లో చేర్చారు. ఆ తర్వాత పదేళ్ళు దాటినా పని ఇంకా కాలుష్యం ఎంత, ఎక్కడ అని తేల్చే దర్యాప్తు దశలోనే నడుస్తూ వచ్చింది. అంటే 1982లో మూసిన గని లెక్క నలభై ఏళ్ళ తర్వాత కూడా తేలలేదు.

ఒక లెక్క వేసి చూశాను. 4.36 కోట్ల డాలర్లని 2,656 ఎకరాలకి పంచితే ఎకరానికి సుమారు 16,400 డాలర్లు, హెక్టారుకి 40 వేల పైన. 1986లో డాలరు పన్నెండున్నర రూపాయల దగ్గర ఉండేది కాబట్టి ఆనాటి మన రూపాయల్లో హెక్టారుకి 5 లక్షలు. అది సరిపోలేదు. మన దేశంలో బొగ్గు మంత్రిత్వ శాఖ 2009లో గని మూసివేత రూల్స్ తెచ్చి, ఓపెన్ కాస్ట్ గనికి హెక్టారుకి 6 లక్షల రూపాయల చొప్పున ఎస్క్రో ఖాతాలో, అంటే గని మూసే పనికి తప్ప కంపెనీ ముట్టుకోలేని ఖాతాలో, వేయమంది. బొగ్గుకీ యురేనియంకీ పోలిక పెట్టకూడదు, ఒప్పుకుంటా, ఎస్క్రో అనే ఆలోచన మాత్రం చాలా మంచిది కూడా. కానీ 23 ఏళ్ళ ద్రవ్యోల్బణం మింగేశాక, అమెరికాలో చాలని అంకె దగ్గరే 2009 నాటి మన అంకె ఉంది చూడండి.

డబ్బు లోటు లేకుండా చేస్తే ఎలా ఉంటుందో చూడాలంటే జర్మనీకి పోవాలి. తూర్పు జర్మనీలో రోన్నెబర్గ్ పట్టణం దగ్గర లిఖ్టెన్‌బర్గ్ అనే గొయ్యి ఉండేది, 240 మీటర్ల లోతు. సోవియట్ యూనియన్ అణు బాంబుల కోసం, తర్వాత రియాక్టర్ల కోసం విస్మూట్ అనే సంస్థ ఆ ప్రాంతాలన్నీ తవ్వింది. గొయ్యి కోసం, గుట్టల కోసం ఊళ్ళకి ఊళ్ళే మ్యాప్ మీద నుంచి పోయాయి, లిఖ్టెన్‌బర్గ్ అన్నది అలా పోయిన ఊరి పేరే. 1990లో రెండు జర్మనీలు కలిశాయి, గనులు మూసేశారు, కొత్త ప్రభుత్వం చేతికి ఈ సామ్రాజ్యం అంతా వచ్చి పడింది. వాళ్ళు 13 బిలియన్ మార్కులు పక్కన పెట్టి పని మొదలుపెట్టారు.

అక్కడ చేసిన ఒక పని నాకు చాలా తెలివైనదిగా అనిపిస్తుంది. ఆ గుట్టల్లో పైరైట్ అనే గంధకం ఉన్న ఖనిజం ఉంది, గాలి తగిలితే యాసిడ్ పుడుతుంది, యాసిడ్ పుడితే లోహాలన్నీ కరిగి నీళ్ళలోకి వస్తాయి. అందుకని ప్రతి గుట్టని టెస్ట్ చేసి మట్టిని మూడు రకాలుగా విడగొట్టారు. యాసిడ్ పుట్టించే రకాన్ని గోతి అడుగుకి, అంటే రేపు భూగర్భ జలం లేచాక మునిగిపోయే చోటికి పంపారు, మునిగితే గాలి తగలదు, గాలి తగలకపోతే యాసిడ్ ఆగుతుంది. యాసిడ్‌ని విరిచే సున్నపు గుణం ఉన్న మట్టిని పైన పెట్టారు. సున్నం కూడా కలిపారు. 1990ల మొదటి నుంచి 2007 వరకు భారీ డంపర్లు పగలూ రాత్రీ తిరిగి పది కోట్ల ఘనపు మీటర్లకు పైనే గోతిలో పోశాయి, కోన్ ఆకారంలో దూరం నుంచి కనపడే రెండు జంట గుట్టలు కూడా అందులోకే పోయాయి. ఊరి గుర్తు పోయిందని వాటి కోసం బాధపడ్డవాళ్ళు కూడా ఉన్నారట, మనిషి మనసు అలాంటిది. 2007లో గేరా, రోన్నెబర్గ్‌లలో జర్మనీ జాతీయ ఉద్యానవన ప్రదర్శన పెట్టారు, లక్షల మంది వచ్చి పూలు చూసి వెళ్ళారు.

ఇదే ఆ చివరి స్లైడ్. నిజంగా వచ్చింది, ఫొటోలు తీసుకున్నారు. కానీ పూలు పూసిన లోయలోకే గని నీళ్ళు 2006 నుంచి తేలడం మొదలైంది, వాటిని పట్టి, ప్లాంటుకి పంపి, శుద్ధి చేసి వదలాలి, శుద్ధి చేశాక మిగిలే బురదని మళ్ళీ ఎక్కడో పాతాలి. ఆ పని దశాబ్దాల పాటు ఉంటుందని వాళ్ళే చెప్తున్నారు. విస్మూట్ ప్రాంతాలన్నిటికీ కలిపి జర్మనీ ఇప్పటికే దాదాపు 7 బిలియన్ యూరోలు పెట్టింది. నా దృష్టిలో జర్మనీ గెలిచింది అనడం కరెక్టే, కాకపోతే గెలవడం అంటే అక్కడ నీళ్ళ ప్లాంటులో షిఫ్టుల్లో పనిచేసే ఉద్యోగం మన మనవల కాలం దాకా ఉండటం.

ఇక్కడ ఒక వాదన వస్తుంది, మన దగ్గర యురేనియం తవ్వేది ప్రైవేటు వాళ్ళు కాదు కదా, యూసీఐఎల్ (యురేనియం కార్పొరేషన్ ఆఫ్ ఇండియా) కేంద్ర ప్రభుత్వ సంస్థ కదా, ప్రభుత్వం ఎక్కడికి పారిపోతుంది అని. విస్మూట్ కూడా ప్రభుత్వానిదే, సగం సోవియట్‌ది సగం తూర్పు జర్మనీది, ఆ రెండు దేశాలూ ఇప్పుడు లేవు. పశ్చిమ జర్మనీ అనే డబ్బున్న చుట్టం కలవకపోయి ఉంటే ఆ గుట్టలు ఈ రోజుకీ అలాగే ఉండేవి, మధ్య ఆసియాలో సోవియట్ కాలం నాటి వ్యర్థాలు చాలా చోట్ల అలాగే ఉన్నాయి కూడా. అంత దూరం ఎందుకు, ఆస్ట్రేలియా ఉత్తర భాగంలో రమ్ జంగిల్ అనే గని ప్రభుత్వం కోసం నడిచిందే, 1971లో ఆగిపోయింది, 1980లలో ప్రభుత్వ డబ్బుతో బాగుచేశారు, అప్పట్లో అది బాగా చేసిన పని అనే పేరు కూడా వచ్చింది, కొన్నాళ్ళకి గుట్టల మీద వేసిన కవర్లు అనుకున్నట్టు పనిచేయక యాసిడ్ నీళ్ళు ఫిన్నిస్ నదిలోకి పోతూనే ఉన్నాయని మళ్ళీ మొదటి నుంచి చేయాల్సి వస్తోంది. ప్రభుత్వం పారిపోదు, నిజమే, కానీ బడ్జెట్‌లో ఈ పద్దు ఏ ఏడాదికి ఆ ఏడాది వెనక్కి జరుగుతూ ఉంటుంది. మూసేసిన గనికి డబ్బు అడిగే మంత్రి ఎవరుంటారు చెప్పండి, రిబ్బన్ కట్ చేయడానికి అక్కడ ఏమీ ఉండదు.

అదే ఆస్ట్రేలియాలో రేంజర్ గని దగ్గర ఇంకో పాఠం నడుస్తోంది, అదీ ఇప్పుడు, మన కళ్ళ ముందే. కకాడు నేషనల్ పార్క్ మధ్యలో ఉన్న గని అది, చుట్టూ ప్రపంచ వారసత్వ స్థలం, భూమి మిరార్ ఆదివాసీలది. తవ్వకం 1980 ప్రాంతంలో మొదలైంది, ఖనిజం శుద్ధి 2021 జనవరిలో ఆగిపోయింది, మొత్తం 1,32,000 టన్నుల పైన యురేనియం ఆక్సైడ్ వచ్చింది. జాక్‌పైల్‌కీ దీనికీ తేడా ఏంటంటే ఇక్కడ మిల్లు కూడా గని పక్కనే, కాబట్టి టెయిలింగ్స్ కూడా అక్కడే. టెయిలింగ్స్ అంటే కొబ్బరి పాలు పిండేశాక మిగిలే పిప్పి లాంటిది, కాకపోతే ఈ పిప్పిలోనే సారం ఎక్కువ, యురేనియం తీసేసినా మొత్తం రేడియో ధార్మికతలో సుమారు 85 శాతం ఇందులోనే ఉండిపోతుంది, ఎందుకంటే థోరియం-230, రేడియం-226 లాంటివి మిల్లుకి అక్కర్లేదు, అవి బురదతో పాటు బయటికి వచ్చేస్తాయి. రేడియం అర్ధాయువు 1,600 ఏళ్ళు, దాన్ని పుట్టించే ఆ థోరియంది 75,000 ఏళ్ళు.

అందుకని అక్కడి చట్టం ఒక షరతు పెట్టింది, టెయిలింగ్స్ మొత్తం గోతుల్లోకే తిరిగి వెళ్ళాలి, కనీసం 10,000 ఏళ్ళు బయటి ప్రపంచానికి తగలకుండా ఉండాలి, ఆ భూమి కకాడు పార్కులో కలిపేసుకునేంత బాగుండాలి. పదివేల ఏళ్ళ గ్యారంటీ అంటే నవ్వొస్తుంది, శాతవాహనులే మనకి రెండు వేల ఏళ్ళ వెనక ఉన్నారు. కానీ ఆ అంకె కాగితం మీద ఉండబట్టే పని సీరియస్‌గా జరుగుతోంది, డ్యామ్‌లో ఉన్న బురదని డ్రెడ్జర్లతో తోడి గోతిలోకి పంపారు, బురదలోంచి నీళ్ళు పిండటానికి వేల కొద్దీ నిలువు వత్తులు దించారు, ఉప్పు నీళ్ళని వేడిచేసి శుద్ధి చేసే ప్లాంటు కట్టారు. మరి ఖర్చు? మొదట 97 కోట్ల ఆస్ట్రేలియన్ డాలర్లన్నారు, 2022కి వచ్చేసరికి 160 నుంచి 220 కోట్లన్నారు, ఆ తర్వాత అది కూడా చాలదన్నారు. 2026 జనవరికి అంతా పూర్తవ్వాలని చట్టంలో ఉన్న గడువుని మార్చుకోవాల్సి వచ్చింది. గని నడిపిన ఈఆర్ఏ కంపెనీ దగ్గర అంత డబ్బు లేదు, దాని వెనక రియో టింటో లాంటి పెద్ద కంపెనీ ఉండి డబ్బు దించబట్టి పని నడుస్తోంది. రియో టింటో లేకుండా ఇదే గని ఏదైనా చిన్న కంపెనీ చేతిలో ఉండి ఉంటే? దివాలా పిటిషన్ వేసి, తాళాలు ప్రభుత్వానికి అప్పజెప్పి వెళ్ళిపోయేది.

జాక్‌పైల్‌లో అంకె ముందే ఫిక్స్ చేసి కంపెనీని వదిలేశారు, రేంజర్‌లో ఫలితాన్ని ఫిక్స్ చేసి అంకెని వదిలేశారు. ఖర్చు రెట్టింపైనా రేంజర్‌లో కంపెనీ మెడ మీదే ఉంది, మిరార్ వాళ్ళ మెడ మీద పడలేదు. నేను చెప్పదలుచుకున్నది ఇదే, గని మూసేటప్పుడు ఎంత ఇస్తారు అని అడగడం తప్పు ప్రశ్న. వాగులో నీళ్ళు ఎలా ఉండాలో ముందే రాసుకుని, అలా ఉన్నంతవరకు బాధ్యత ఎవరిదో రాసుకోవాలి.

ఇక మన సంగతి. కడప జిల్లా తుమ్మలపల్లెలో గని భూగర్భ గని కాబట్టి పెద్ద గొయ్యి లేదు, కానీ టెయిలింగ్స్ పాండ్ ఉంది, పక్కనున్న కె.కె. కొట్టాల ఊరి రైతులు బోర్ల నీళ్ళు పాడయ్యాయని, అరటి తోటలు దెబ్బతిన్నాయని ఎన్నేళ్ళుగానో మొత్తుకుంటున్నారు, పొల్యూషన్ కంట్రోల్ బోర్డు సంస్థకి నోటీసులు కూడా ఇచ్చింది. జార్ఖండ్‌లో బండుహురంగ్‌లో మన దేశపు ఓపెన్ కాస్ట్ యురేనియం గని నడుస్తోంది, దాని గొయ్యి సంగతి రేపెలాగూ వస్తుంది. తెలంగాణలో అయితే నల్లగొండ జిల్లా లంబాపూర్‌లో ఓపెన్ కాస్ట్, పక్కన పెద్దగట్టులో భూగర్భ గనులు అని ప్రతిపాదన వచ్చి 2003లో పబ్లిక్ హియరింగ్ కూడా జరిగింది, నాగార్జునసాగర్ రిజర్వాయర్‌కి దగ్గర్లో. ఆ సాగర్ నీళ్ళే అక్కంపల్లి మీదుగా హైదరాబాద్ కుళాయిల్లోకి వస్తాయి, ఈ సంగతి నగరంలో చాలామందికి తెలియదు, తెలిస్తే ఆ హియరింగ్‌కి ఇంకో నాలుగు బస్సులు వెళ్ళేవి. తర్వాత నల్లమల అడవిలో యురేనియం అన్వేషణ మీద గొడవ వచ్చింది, 2019 సెప్టెంబర్‌లో తెలంగాణ అసెంబ్లీ యురేనియం తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. లంబాపూర్ ప్రాజెక్టు మొదలవ్వలేదు. కానీ ఖనిజం అక్కడే ఉంది, దేశంలో అణు విద్యుత్ పెంచాలని ప్లాన్లు కూడా ఉన్నాయి, ఫైళ్ళు మళ్ళీ తెరుచుకోవడానికి ఎంతసేపు.

తెరుచుకుంటే ఏం అడగాలి అన్నది ఇప్పుడే తేల్చుకుంటే మంచిది. పచ్చగడ్డి ఫొటో నాకు అక్కర్లేదు, గని మొదలవ్వకముందు రెండు మూడు వానాకాలాల పాటు అక్కడి బావులు, బోర్లు, వాగుల నీళ్ళు కొలిచి ఆ అంకెలు బయట పెట్టాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ అసలు దెబ్బంతా ఇక్కడే పడుతుంది, ముందు అంకె లేకపోతే రేపు నీళ్ళలో యురేనియం కనపడగానే 'ఈ రాళ్ళలో మొదటి నుంచే ఉంది' అనేస్తారు, అది అబద్ధమని రుజువు చేసే దారి రైతుకి ఉండదు. కొలిచేది కూడా తవ్వే సంస్థ ల్యాబ్ అయితే లాభం లేదు. తెలంగాణలో అయితే ఉస్మానియా యూనివర్సిటీ లాంటి చోటికి ఇచ్చి, ఊరివాళ్ళ ఎదురుగా శాంపిల్ తీయాలి.

రెండోది కూలీల సంగతి, దీన్ని రిక్లమేషన్‌లో, అంటే గని భూమిని బాగుచేసే లెక్కలో, ఎవరూ కలపరు. అమెరికాలో యురేనియం కార్మికులకి పరిహారం ఇచ్చే చట్టం 1990లో వచ్చింది, జబ్బు పడ్డ గని కార్మికుడికి లక్ష డాలర్లు. కానీ 1971 వరకు పనిచేసినవాళ్ళకే, ఎందుకంటే ప్రభుత్వం ఆ యురేనియం కొన్నది అప్పటిదాకానే. జాక్‌పైల్ నడిచింది 1982 దాకా. 1972లో చేరినవాడు అదే దుమ్ము పీల్చాడు, అదే గోతిలో పనిచేశాడు, కానీ చట్టం లెక్కలో లేడు. ఆ కట్ ఆఫ్‌ని 1990 దాకా పొడిగించింది 2025 జూలైలో. అప్పటికి బతికున్నవాళ్ళెంత మంది అని లగూనా వాళ్ళని అడగాలి. మన దగ్గర గనుల్లో పనిచేసేవాళ్ళలో చాలామంది కాంట్రాక్ట్ కూలీలు, రికార్డుల్లో పేరు కాంట్రాక్టర్‌ది ఉంటుంది, ముప్పై ఏళ్ళ తర్వాత ఊపిరితిత్తుల జబ్బుతో వచ్చినవాడు నేను అక్కడ పనిచేశానని ఏ కాగితంతో చూపిస్తాడు?

ఇంత డబ్బు, ఇన్ని షరతులు ముందే పెడితే మన గ్రేడ్‌కి ఏ గనీ గిట్టుబాటు కాదు అని అంటారు. కావచ్చు. మన ఖనిజం మామూలుగానే చాలా తక్కువ గ్రేడ్, కెనడా గనుల పక్కన పెట్టి చూసేలా కూడా ఉండదు, ఇప్పటికే కజకిస్తాన్, కెనడా, రష్యాల నుంచి యురేనియం కొంటూ వచ్చాం. దేశభద్రత కోసం సొంత ఖనిజం కావాలన్న వాదనలో బలం ఉంది, దాన్ని కొట్టిపారేయను, కానీ అప్పుడు ఆ భద్రత ఖరీదు ఎంతో నిజంగా చెప్పాలి, కిలో యురేనియం తవ్వితే ఇంత, నలభై యాభై ఏళ్ళు నీళ్ళు శుద్ధి చేస్తే ఇంత, కలిపి దిగుమతి రేటు పక్కన పెట్టాలి. ఆ కాగితం తెలుగులో అచ్చేసి, హియరింగ్‌కి నెల ముందే లంబాపూర్‌లో, పెద్దగట్టులో, ఆ చుట్టుపక్కల తండాల్లో ఇంటింటికీ ఇవ్వాలి, హియరింగ్ రోజు షామియానా కింద ఇంగ్లీషు రిపోర్టు మైకులో గడగడా చదివితే కుదరదు.